అత్తిముగం జెండా దిమ్మె

శూలగిరి కొత్తిమీర మండీలో రామకృష్ణప్ప కంటిచూపుకు ఒక పేరుంది. టెంపో వెనకతలుపు తెరిచీ తెరవకముందే లోపల ఎన్ని కట్టలున్నాయో, వాటిలో వాడినవెన్నో, నీళ్లు చల్లి నిగనిగలాడించినవెన్నో చెప్పేసేవాడు. నలభై ఏళ్లలో ఆ చూపు తప్పిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అంతకంటే గట్టి విద్య ఇంకొకటి ఉంది అతని దగ్గర. సరుకు ఎప్పుడు దించాలో, ఎప్పుడు దించకూడదో తెలియడం.

"ధర తేలేదాకా బండి దించొద్దప్పా. దించినాక నువ్వు చెప్పేదేముండాది? వాడు చెప్పిందే" అని కొత్తగా వచ్చిన రైతులకు బుద్ధి చెప్పేవాడు. కొనేవాడూ తనే గనుక చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు.

ఈ రామకృష్ణప్పే జనసమతా పార్టీ తమిళనాడు రాష్ట్ర శాఖకు అధ్యక్షుడు.

రాష్ట్ర శాఖ అనగానే విన్నవాళ్లు పెద్దగా ఊహించుకుంటారు. పార్టీ వేళ్లూ కొమ్మలూ అన్నీ బెంగళూరులోనే. అక్కడ రెండుసార్లు గద్దె ఎక్కింది, రెండుసార్లూ నడుమనే దిగింది. సరిహద్దుకు ఇటువైపు హోసూరు, శూలగిరి, వేపనపల్లి పల్లెల్లో గొర్రెలవాళ్లు, రెండెకరాల రైతులు, కూలీలు నలభై ఏళ్ల కిందట ఆ పచ్చజెండా పట్టుకున్నారు. జెండా మీద ఏతాం గుర్తు. పేదవాడి బావికి కరెంటు, గొర్రెలకు మేత పోరంబోకు, పిల్లలకు ఇంటి భాషలో బడి అడిగిన పార్టీ అది. ధర్మపురి దాటితే దానికి మనిషి లేడు. అయినా కాగితం మీద రాష్ట్ర శాఖే. పాత అధ్యక్షుడు కరోనాలో పోయాక ఆ కుర్చీ కోసం ఎవరూ కొట్లాడలేదు. అదే నడుచుకుంటూ వచ్చి రామకృష్ణప్ప ఇంట్లో కూర్చుంది.

హోసూరులో బాగలూరు రోడ్డు మీద, పంపుసెట్ల అంగడి పైన ఒక గది. అదే రాష్ట్ర కార్యాలయం. కార్యవర్గంలో ఇరవై ఒక్కమంది. మీటింగుకు వచ్చేది ఏడుగురు. వాళ్లలో ఇద్దరు బోండాల కోసం వస్తారని అత్తిముగం శాఖ కార్యదర్శి రంగప్ప అనేవాడు. ఆ ఇద్దరిలో తానొకణ్ణని కూడా తనే చెప్పుకునేవాడు.

ఆ ఎండాకాలం పార్టీలన్నింటికీ ఒకే రకం నోటీసు వచ్చింది. రోడ్ల పక్కన, ప్రభుత్వ స్థలాల్లో ఉన్న జెండా కంబాలు తీసెయ్యాలని కోర్టు చెప్పింది. ఎవరి కంబం వాళ్లు తీసుకోవచ్చు, గడువు దాటితే ప్రభుత్వమే తీసేస్తుంది. నోటీసు చేతికందిన నాలుగో రోజున, మండీలో పొద్దుటి అమ్మకం ముగిసి ఆకుచెత్త ఊడుస్తున్న వేళకు, రంగప్ప వచ్చాడు. వెనకాల అదే ఊరి చిన్నమ్మ ఉంది.

చిన్నమ్మను చూడగానే రామకృష్ణప్పకు విషయం అర్థమైంది. బెంచీ మీద కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"అన్నా, కంబం పోతే పోనీ. జెండా పోతే పోనీ. ఆ రాయి మాత్రం నాకు ఇప్పించు. మా వాకిట్లో నిలబెట్టుకుంటాను" అంది.

ఆ రాయి సంగతి చెప్పాలి. అత్తిముగం బస్టాపు దగ్గర పార్టీ జెండా దిమ్మె కట్టిననాడు దానికి బర్గూరు నుంచి నల్లరాయి తెప్పించారు. దాని మీద పదకొండు పేర్లు, తమిళ అక్షరాల్లో. రాయి కొనిచ్చినవాడు గనుక మొదటి పేరు రామకృష్ణప్పది. చివరి పేరు మునియప్పది. మునియప్ప గొర్రెలు మేపుకునేవాడు. కంబానికి ఇనుప గొట్టం కావాలంటే తన మందలో రెండు పొట్టేళ్లు తోలుకొచ్చి ఇచ్చిన మనిషి. ఆరేళ్లకు ధర్మపురిలో రాష్ట్ర మహాసభ జరిగింది. తిరిగి వస్తుంటే లారీ బోల్తాపడింది. వెనకాల జెండా పట్టుకుని నిలబడ్డ మునియప్ప అక్కడికక్కడే పోయాడు. అప్పటికి అతని భార్య చిన్నమ్మకు మూడో నెల. కడుపులో ఉన్నది అంబిక. పార్టీవాళ్లు రాయి మీద మునియప్ప పేరు కింద ఇంకొక వరుస చెక్కించారు, పార్టీ కోసం ప్రాణమిచ్చినవాడని.

మునియప్పను తన చేలోనే పూడ్చారు. పన్నెండేళ్లకు ఆ చేనూ, చుట్టుపక్కల చేలూ కంపెనీల కోసం పోయాయి. గోడ కట్టారు. నేల చదును చేశారు. సమాధి ఎక్కడుండేదో ఇప్పుడు చిన్నమ్మకు కూడా తెలియదు. ఫోటో ఒకటీ లేదు. అప్పటినుంచి ఏటా శివరాత్రి వెళ్లిన మూడోరోజు, అంటే మునియప్ప పోయిన రోజున, ఆమె బస్టాపుకు బిందెతో నీళ్లు తెచ్చి ఆ రాయి కడిగేది. పసుపు రాసి, పూలు పెట్టి, రాగిముద్ద, ఉలవచారు ముందుంచి మొక్కేది. ఊరు దాటి పోయి చచ్చినవాడికి రాయి నిలబెట్టి మొక్కడం ఆ పల్లెల్లో వింత కాదు. అందుకని ఎవరూ నవ్వలేదు. అవతలి పార్టీ కుర్రాళ్లు కూడా ఆ దిమ్మె మీద పోస్టరు అతికించేవాళ్లు కాదు.

"తలైవరే" అన్నాడు రంగప్ప. నాయకుడా అని తమిళంలో పిలిచాడంటే ఎగతాళైనా ఉండాలి, పనైనా ఉండాలి. ఇవాళ పనే. "తాలూకాఫీసులో అడిగినాను. పార్టీవాళ్లే తీసుకుంటామని లెటరుప్యాడు మీద రాసి, రాష్ట్ర అధ్యక్షుడు సంతకం పెట్టి, సీలు వేసిస్తే చాలంట. మేస్త్రీని నేను పిలుచుకుంటాను. రాయి చుట్టూరా సిమెంటు చెక్కి పదిలంగా ఊడదీస్తాడు. ఒక పొద్దు పని."

"గడువు ఎప్పుడు?"

"ఇరవై రెండో తేదీ. దాని తరువాత మన్ను తవ్వే మిషను వస్తుందంట. మిషనుకు రాయేంది, మట్టేంది?"

"ఇంకా పద్దెనిమిది దినాలుండాది కదప్పా" అన్నాడు రామకృష్ణప్ప. చిన్నమ్మ వైపు తిరిగి, "రాయి నీ ఇంటికి వస్తుందమ్మా. దానికి నేను పూచీ" అన్నాడు.

"నువ్వు చెప్పినాక ఇంకేముండాది అన్నా" అని ఆమె వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం అంబిక హోసూరు ఆఫీసుకు వచ్చింది. ఆమె ఫోన్లు తయారుచేసే కంపెనీలో షిఫ్టు పని చేస్తోంది. లెటరు తనే తమిళంలో టైపు చేయించి, రంగప్ప దగ్గరున్న పార్టీ కాగితం మీద ప్రింటు తీయించింది. బల్ల మీద పెట్టి వేలితో చూపించింది.

"పెద్దప్పా, ఈడ ఒక సంతకం. ఈడ సీలు. అంతే."

రామకృష్ణప్ప కాగితం తీసి చదివాడు. మళ్లీ చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"చూసి పెడతాను. ఒక మాట మార్చాల్సొస్తుందేమో."

"నాలుగు గీతలుండాయి. అందులో మార్చేదేముండాది పెద్దప్పా?" అంబిక అతని జేబు వంక చూసింది. "మా యమ్మ దినమూ అడగతా ఉంది. రాయి యాడ పెట్టేదని వాకిలంతా ఊడ్చి, గుంత కూడా తీసి పెట్టుకుంది."

"అంత తొందరేమమ్మా. రాయి యాడికి పోతుంది?"

"మా చేను కూడా యాడికీ పోదనే చెప్పినారు" అని లేచింది. మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె చెప్పుల చప్పుడు వినిపించింది.

రామకృష్ణప్ప సంతకం ఎందుకు పెట్టలేదంటే దానికి కారణం ఉంది. బయటికి చెప్పగలిగినది కాదు.

బెంగళూరు నాయకులకు ఈ శాఖతో పని తీరిపోయి చాలా కాలమైంది. ఫోను చేస్తే, మీకు తోచినట్టు చేసుకోండి అంటున్నారు. ఇక్కడ ఒక పెద్ద పార్టీ నుంచి కబురొచ్చింది. రాష్ట్ర శాఖ మొత్తంగా వచ్చి కలిసిపోతే మర్యాదకు లోటుండదని. ఆ పార్టీ జిల్లా ఇన్‌చార్జి మొదటి మాటలోనే అడిగాడు, మీకు ఎన్ని ఊళ్లలో శాఖలున్నాయి, ఎన్ని కంబాలున్నాయి అని. రామకృష్ణప్ప ముప్ఫై ఎనిమిది ఊళ్ల పేర్లు రాసిచ్చాడు. శాఖల్లో చాలావాటికి మనుషులు లేరు. కంబాలు మాత్రం నిలబడే ఉన్నాయి. అతని దగ్గరున్న సరుకు అదే. దానికి బదులుగా హోసూరు కార్పొరేషన్‌లో ఒక వార్డు అడగాలనుకున్నాడు. ఇదివరకు మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఓడిపోయాడు. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఈసారి గెలిచే గుర్తు మీద ఒక్కసారి నిలబడితే, ఇన్నేళ్లు తన వెంట తిరిగినవాళ్లకు ఒక కొళాయో, ఒక పింఛనో ఇప్పించి తీరతానని తనకు తానే చెప్పుకున్నాడు. అది కొంత నిజం. మిగతాది ఏమిటో అతనికి తెలుసు.

విలీనం మీటింగు ఇరవై నాలుగున, కృష్ణగిరిలో. ఈ లోపల తన సంతకంతో, తన సీలుతో, మా కంబం మేమే తీసుకుంటామని లెటరు పోతే? ఒక ఊరికి పోతే మిగతా ముప్ఫై ఏడు ఊళ్లవాళ్లూ అడుగుతారు. మాట ఇన్‌చార్జి చెవిలో పడుతుంది. ధర తేలకముందే సరుకు దించినట్టవుతుంది. ఇరవై రెండు గడువు, ఇరవై నాలుగు బేరం. నడుమ రెండు రోజులు. మండీ రోడ్డు వెడల్పు చేస్తామని నోటీసు ఇచ్చి ఏడాదిన్నరకు వచ్చిన ప్రభుత్వం ఇది. కాలవ గట్టు అంగళ్లు తీసెయ్యమని మూడుసార్లు నోటీసులిచ్చి నాలుగోసారి మరిచిపోయింది. రెండు రోజులు ఒక లెక్కా? ఇరవై నాలుగు సాయంత్రమే సంతకం పెట్టి, తనే బండి తీసుకుని పోయి, దగ్గరుండి రాయి ఊడదీయించాలనుకున్నాడు. ఎన్నిసార్లు తూచినా ముల్లు అటే మొగ్గింది.

ఇరవై రెండున రంగప్ప ఫోను చేశాడు.

"తలైవరే, ఇవాళతో గడువు సరి."

"రెండు దినాలు ఆగప్పా. ఇరవై నాలుగు సాయంత్రం నేనే వస్తాను."

"ఏంటికి ఆగేది? సంతకానికి మంచిరోజు చూస్తా ఉండావా?"

"చెప్పినాను కదా. ఒక పనుండాది."

రంగప్ప ఫోను చిన్నమ్మకు ఇచ్చాడు. ఆమె పక్కనే ఉందని రామకృష్ణప్పకు అప్పుడు తెలిసింది.

"అన్నా, ఏమన్నా ఇబ్బందిలో ఉండావా?"

"లేదమ్మా. ఎల్లుండి సాయంత్రం రాయి నీ వాకిట్లో ఉంటుంది. పూచీ నాది అన్నాను కదా."

"సరే అన్నా. నువ్వు నిదానంగా రా" అందామె.

ఇరవై నాలుగు పొద్దున రామకృష్ణప్ప మూడు వ్యానుల్లో మనుషులను ఎక్కించుకుని కృష్ణగిరి పోయాడు. కొత్తపంచె కట్టుకున్నాడు గాని చొక్కా పాతదే, అది కలిసొచ్చిన చొక్కా. జేబులో అంబిక ఇచ్చిన లెటరు అలాగే ఉంది. కల్యాణమండపం నిండిపోయింది. లోపల అడుగు పెడుతూనే అతని కన్ను లెక్కేసింది. తొమ్మిదివందల యాభైకి తక్కువ లేదు. అందులో తను తెచ్చినవాళ్లు నలభై ఆరుమంది.

విలీనమయ్యేది తన శాఖ ఒక్కటే అనుకున్నాడు. వేదిక పక్కన అతికించిన జాబితా చూశాక తెలిసింది, ఆ రోజు పదకొండు సంఘాలు కలుస్తున్నాయి. ఆటో డ్రైవర్ల సంఘం ఒకటి, మామిడికాయ లోడింగు కూలీల సంఘం ఒకటి, రెండు కుల సంఘాలు, ఎవరో సినిమా నటుడి అభిమానుల సంఘం. జనసమతా పార్టీ తమిళనాడు రాష్ట్ర శాఖ ఏడో వరుసలో ఉంది.

అతని వంతు వచ్చింది. ఒకరు శాలువా కప్పారు. ఒకరు చెయ్యి పట్టుకుని ఫోటో వైపు తిప్పారు. మైకు ఇస్తారేమోనని రామకృష్ణప్ప గొంతు సవరించుకున్నాడు. అప్పటికే ఎనిమిదో సంఘం పేరు పిలిచారు. నలభై ఏళ్ల పార్టీ, ఒక కట్ట కొత్తిమీర చేతులు మారినంత సేపట్లో చేతులు మారిపోయింది.

వేదిక వెనక ఇన్‌చార్జిని పట్టుకున్నాడు. వార్డు మాట ఎత్తాడు.

"ముందు లోపలికొచ్చారు కదా అయ్యా. ఎలక్షన్లు రానీ, చూద్దాం" అన్నాడు ఇన్‌చార్జి తమిళంలో.

"నేను ముప్ఫై ఎనిమిది కంబాల లిస్టు ఇచ్చినాను."

ఇన్‌చార్జి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కంబాలా? అవన్నీ కోర్టు తీసెయ్యమంది కదయ్యా. మావే తీసేస్తున్నాం. వాటిని ఇప్పుడెవరు లెక్కలోకి తీసుకుంటారు?"

అతనిలో వంచన ఏమీ లేదు. తెలిసిన సంగతి తెలియనివాడికి చెప్పినట్టు చెప్పి, భుజం తట్టి, అవతలికి పోయాడు.

మామూలుగా ఐతే రామకృష్ణప్ప అక్కడే నిలబడి ఎక్కడ తూకం తప్పిందో వెదికేవాడు. ఆ తీరిక దొరకలేదు. మైకు మోతలో వినపడని ఫోను బయటికి తీసి చూస్తే రంగప్ప నుంచి తొమ్మిదిసార్లు వచ్చి ఉంది. తిరిగి చేశాడు.

"రా" అన్నాడు రంగప్ప. "యాడ ఉండావో వదిలిపెట్టి రా."

దారిలో వ్యాను డ్రైవరు ఏదో అడిగాడు. రామకృష్ణప్పకు వినపడలేదు. శాలువా ఎప్పుడో భుజం మీదనుంచి జారి కాళ్ల దగ్గర పడి ఉంది.

అత్తిముగం బస్టాపులో దిమ్మె ఉన్నచోట తడి మట్టితో గుంత ఉంది. ఇనుప కంబాన్ని ఆటో స్టాండు గోడకు ఆనించి పెట్టారు. రంగప్ప ఒక్కడే గుంత అంచున కూర్చుని ఉన్నాడు. ఎగతాళి ఏదీ చెయ్యలేదు.

"పదిన్నరకొచ్చినారు" అన్నాడు. "చిన్నమ్మ పోయి మిషను ముందర నిలబడింది. ఆ వచ్చిన ఆఫీసరు మంచోడే. కాలు కూడా ముందుకు పెట్టనీలేదు డ్రైవరును. అమ్మా, నోటీసిచ్చినాము, గడువు పోయి రెండు దినాలాయె, మీరే తీసుకుంటామని లెటరు ఉంటే చూపించండి, ఇప్పుడే ఆపేస్తాను అన్నాడు. నీకు ఫోను చేసినాను. మళ్లీ చేసినాను. ఆయన అర్ధగంట కాచుకున్నాడు. గడియారం చూసుకుని, దండం పెట్టి, చిన్నమ్మను పక్కకు పిలుచుకున్నాడు."

"రాయి?"

"సిమెంటులో అడుగు లోతుకుండాది కదా. డ్రైవరు మిషను మూతి పెట్టి ఎత్తినాడు. పగిలిపోయింది. ట్రాక్టరులో వేసి బేరికె రోడ్డు పక్కన పల్లంలో పోసినారు. ఆమె ట్రాక్టరు వెనకాలే నడుచుకుంటా పోయింది."

ఇద్దరూ వ్యానులో అక్కడికి పోయారు. రోడ్డు వెడల్పు కోసం పూడుస్తున్న పల్లం అది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తీసిన దిమ్మెలన్నీ అక్కడే పోశారు. ఎరుపు పూసిన సిమెంటు, నీలం పూసిన సిమెంటు, నలుపు, పసుపు, పచ్చ, అన్ని పార్టీల పెళ్లలూ ఒకే కుప్పలో కలిసిపోయి ఉన్నాయి. నడిమధ్య ఎండలో, తలమీద కొంగు కప్పుకుని, చిన్నమ్మ ఒక్కొక్క ముక్కా తిప్పి చూస్తోంది. నల్లరాయి ముక్క కనిపిస్తే కొంగుతో తుడిచి పక్కన పెడుతోంది. అప్పటికే ఇరవైదాకా పేర్చి ఉంది.

అతన్ని చూసి ఆమె లేచి నిలబడింది. కోపం లేదు ముఖంలో. ఇంకా పని ఉన్నవాళ్ల ముఖం అది.

"వచ్చినావా అన్నా. మంచిపని చేసినావు. నాకు అక్షరాలు రావు కదా. రంగప్పకు కంటద్దాలు లేవు. నువ్వు చదువు."

రామకృష్ణప్ప కొత్తపంచెతో ఆ మట్టిలో కూర్చున్నాడు. ఆమె ఒక ముక్క అందించింది.

"ఇదా అన్నా?"

"కాదమ్మా. ఇది పార్టీ పేరు."

"ఇది?"

"ఇది జయరామప్పది. సగమే ఉండాది."

"ఇది?"

"దీంట్లో ఏమీ లేదు. అంచు."

రంగప్ప దూరం నుంచి ముక్కలు ఏరి తెస్తున్నాడు. రాయి కింది భాగానికే మిషను పళ్లు తగిలినట్టున్నాయి. పైవరుసలు పెద్దపెద్ద ముక్కలుగా దొరుకుతున్నాయి. అడుగు వరుసలు రవ్వలైపోయాయి. చివరి పేరు, దాని కిందున్న వరుస ఎక్కడున్నాయో రామకృష్ణప్పకు చూపుతోనే తెలిసిపోయింది. టెంపో తలుపు తెరవకముందే తెలిసినట్టు తెలిసింది. అవి ఇక దొరకవు.

చిన్నమ్మ ఒక పెళ్ల కిందనుంచి మూరెడు పొడవు ముక్క లాగింది. కొంగుతో తుడిచింది. ఒక పేరు మొదటినుంచి చివరిదాకా, ఒక్క గీత కూడా చెదరకుండా ఉంది. ఆమె వేళ్లతో ఆ అక్షరాలు తడిమింది. ఏటా పసుపు రాసిన చెయ్యి అది. ఐనా పగిలిన రాయిలో ఎక్కడేముందో ఆ చేతికి అందలేదు.

"అన్నా, ఇది నిండుగా ఉండాది. ఆయనదే కదా? ఇదే కదా?"

రామకృష్ణప్ప దాన్ని చూశాడు. అది అతని పేరే.

రంగప్ప వచ్చి వెనకాల నిలబడ్డాడు. కంటద్దాలు లేకపోయినా అంత పెద్ద ముక్క మీద మొదటి పేరు ఎవరిదో అతనికి తెలుసు. రామకృష్ణప్ప వైపు చూసి, కళ్లతోనే బతిమాలాడు, అవునని చెప్పెయ్యమని.

చెప్పవచ్చు. ఆమెకు చదువు రాదు. ఆ ముక్కను వాకిట్లో నిలబెట్టుకుంటుంది. పసుపు రాస్తుంది. ఎన్నేళ్లుంటే అన్నేళ్లు ముద్ద పెడుతుంది. ఎవరికీ నష్టం లేదు. నీళ్లు చల్లిన కట్టలను తాజావని ఎన్నిసార్లు బెంగళూరు లారీ ఎక్కించలేదు? ఒక్క మాట. తనకు పూచీ తీరిపోతుంది. పైగా తప్పంతా ఆ మిషనుది, ఆ కాగితాలది అని ఊరంతా అనుకుంటోంది. తను నోరు మూసుకుంటే చాలు. అంత లాభసాటి బేరం ఆ రోజు పొద్దుటినుంచి అతనికి ఇంకొకటి తగల్లేదు.

తన పేరుకు చిన్నమ్మ మొక్కడం కళ్ల ముందుకు వచ్చింది.

"కాదు చిన్నమ్మా" అన్నాడు. "అది నాది."

ఆమె చెయ్యి ఆగిపోయింది.

అతను జేబులోనుంచి మడతలు పడ్డ లెటరు తీశాడు. చెమటకు ఒక అంచు తడిసి ఉంది. "అంబిక ఇచ్చిన లెటరు ఇదే. పదిహేను దినాలుగా నాకాడే ఉండాది. సంతకం పెట్టలేదు. వాళ్లు మనల్ని చేర్చుకునేదాకా కంబాలన్నీ నిలబడి ఉండాలని పెట్టలేదు. వార్డు అడగాలని. ఇంకేమీ లేదమ్మా. మిషను మీద తప్పు లేదు."

రంగప్ప తల పక్కకు తిప్పుకున్నాడు. రోడ్డు మీద కంపెనీ బస్సు ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆ దుమ్ము అణిగాక చిన్నమ్మ అతని వైపు తిరిగింది.

"పోయినవారం పెట్టుంటే రాయి వచ్చుండునా అన్నా?" అని అడిగింది, ఏదో దారి అడిగినట్టు.

"వచ్చుండును."

"ముక్క కాకుండా?"

"పగలకుండా వచ్చుండును."

ఆమె తల ఊపింది. చేతిలో ఉన్న ముక్కను విసిరేయలేదు. కింద పెట్టింది, మిగతా వాటికి కొంచెం దూరంగా, అతని ముందర.

"నీది దొరికింది. నువ్వు తీసుకుపో అన్నా" అంది. అంతే. మళ్లీ వంగి వెదుకులాటలో పడింది.

అతనూ వెదికాడు. ఎండ తగ్గింది. చేతులు గీసుకుపోయాయి. నల్లటి రవ్వ దొరికితే తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఆమె దాన్ని తుడిచి కుప్పలో చేర్చింది. ఏమి రాసుందని మాత్రం అడగలేదు.

ఐదున్నరకు షిఫ్టు బస్సు దిగి అంబిక వచ్చింది. కంపెనీ కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు. అతని పక్కనుంచి నడిచి పోయి, తల్లి ఎదురుగా గొంతుక్కూర్చుంది. చిన్నమ్మ ఇన్ని గంటలుగా చదివించకుండా పోగేసిన ముక్కల్లోనుంచి ఒకటి తీసి, కొంగుతో ఇంకొకసారి తుడిచి, కూతురి చేతికిచ్చింది.

"ఇది చూడు. ఇదా?"

అంబిక వెలుతురుకేసి తిప్పి చూసింది. "కాదుమా."

"ఇది?"

"కాదు."

"సరిగ్గా చూడు పాపా. ఇది?"

రామకృష్ణప్ప రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆ ముక్కల మీద ఉన్నవి అతనికి అక్కడినుంచే కనిపిస్తున్నాయి. వాటిని చదవమని అతన్ని ఎవరూ అడగలేదు.